తెల్ల చొక్కాల పక్షం

మా నాన్న బాస్కెట్‌బాల్ స్తంభానికి ఫౌల్ ఇచ్చిన సాయంత్రం నేను చర్చి కాంపౌండ్ గోడ పక్కనే నిలబడి ఉన్నాను. పిల్లలు ఆడుతున్నారు. ఆయన విజిల్ ఊది, చెయ్యి పైకెత్తి, గంభీరంగా నడిచి వెళ్ళి స్తంభం ముందు ఆగాడు. "ఏరా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు, మనిషి మీద పడొద్దని?" అన్నాడు. స్తంభం ఏమీ అనలేదు. పిల్లలూ ఏమీ అనలేదు. నాన్న చాలా ఏళ్ళు మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ప్రత్తిపాడులో ఆయన్ని చూసి మొహం మీద నవ్వే ధైర్యం అప్పటికింకా ఎవరికీ రాలేదు.

నవ్వుకునే సంగతైతే నేనూ నవ్వుకునేదాన్నే. కానీ అదే మనిషి పొద్దెక్కగానే స్కూటరు తీసి గుంటూరు రోడ్డెక్కేవాడు. మిర్చి సీజన్లో ఆ రోడ్డు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. బస్తాలు మేడంత ఎత్తున కట్టుకుని, ఒక పక్కకు ఒరిగి, హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా లారీలు వస్తూనే ఉంటాయి. ఒకరోజు నాన్న ఇంటికొచ్చి, ఎదురుగా వస్తున్న లారీని ఆగి ఉన్న లారీ అనుకున్నానని నవ్వుతూ చెప్పాడు. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు.

రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయని, ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరుగారు చెప్పి ఏడాది దాటింది. నాన్న వినడు. "నా కళ్ళకేమైంది? గద్ద కళ్ళు నావి" అంటాడు. స్కూల్లో టీకాలు వేసే రోజున గోడ దూకి పారిపోయే పిల్లల్ని చెవి పట్టుకుని లాక్కొచ్చిన మనిషి, తన వంతు వచ్చేసరికి గోడ ఎక్కి కూర్చున్నాడు.

ఇది రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల మాట. నేను గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. ఇంట్లో నా సబ్జెక్టుకు పెద్ద మర్యాద లేదు. లెక్కలంటే లెక్కలు, సైన్సంటే సైన్సు, మధ్యలో ఇదేం చదువని నాన్న అనుమానం. కానీ ఎండాకాలం సెలవుల్లో మా ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టేది ఒకటుండేది. పొద్దున్నే టీవీలో అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ వచ్చేది. వాళ్ళకది రాత్రి, మనకు కాఫీ వేళ. ఆ ఛానల్ మా కోసం ఉంచినందుకు కేబుల్ ఆయన్ని వీధిలో అందరూ తిట్టేవారు. డ్రిల్లు మాస్టారు బతికుండగా దాన్ని తీసేసే దమ్ము తనకు లేదని ఆయన వాళ్ళకు చెప్పుకునేవాడు.

నాన్న టీవీకి ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చునేవాడు. అమ్మకూ నాకూ ఆయన వీపు పక్కనుంచి ఎంత కనపడితే అంత.

ఆటను గురించి మా ఇద్దరికీ ఎప్పుడూ పడేది కాదు. గెలిచేది గుండె, ఎత్తు, పట్టుదల అని నాన్న సిద్ధాంతం. అవన్నీ గెలిచిన తర్వాత చెప్పే మాటలని నాది. ఎవరైనా ఎక్కువ పాయింట్లు కొడితే నాన్న మురిసిపోయేవాడు. నాకు మాత్రం అక్కడే చిరాకు. మా ప్రాంతంలో ఒక రైతు అరుగు మీద కూర్చుని ఈ ఏడాది నాకిన్ని బస్తాలయ్యాయి అన్నాడనుకోండి, ఎదుటివాడు అబ్బో అనడు. "ఎన్నెకరాల్లో?" అంటాడు. ఆ ఒక్క ప్రశ్నతో గొప్పలన్నీ దిగిపోతాయి. బాస్కెట్‌బాల్లో ఎకరం అంటే ఒకసారి బంతి చేతికి రావడం. గబగబా పరుగెత్తి ఆడే జట్టుకు బంతి ఎక్కువసార్లు వస్తుంది, పాయింట్లూ ఎక్కువ కనిపిస్తాయి. అవతలివాళ్ళకూ బంతి అన్నిసార్లే వెళుతుంది కాబట్టి అందులో గొప్పేమీ లేదు. వచ్చిన ప్రతిసారీ ఎంత పండించారన్నదే లెక్క. బంతి చేజారిపోవడం పూత రాలిపోవడం. గురి తప్పిన బంతిని రింగు కింద మళ్ళీ అందుకోవడం అదే చేలో రెండో కోత కోయడం. ఇదంతా నేను నాన్నకు విడమరిచి చెప్పాను.

ఆయన మొత్తం విని, "ఆట కంటితో చూసేది అమ్మాయ్, వ్యవసాయం కాదు" అన్నాడు.

"కంటితో చూసేదైతే ముందు కళ్ళు బాగుచేయించుకో నాన్నా" అన్నాను.

అంతే, ఇల్లు యుద్ధరంగమైంది. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి మధ్యలో నిలబడింది. చివరికి నాన్నే పందెం కట్టాడు. అప్పుడే రెండు జట్ల మధ్య ఏడు ఆటల సిరీస్ ఒకటి మొదలవబోతోంది. ప్రతి ఆటలో సగం అయ్యాక, ఎవరు గెలుస్తారో ఇద్దరం చెప్పాలి. ఆయన కళ్ళతో చూసి చెబుతాడు, నేను లెక్క కట్టి చెబుతాను. నాది ఎక్కువసార్లు నిజమైతే ఆయన ఆపరేషన్‌కు వస్తాడు. ఆయనది నిజమైతే నేను జన్మలో ఆ మాట ఎత్తకూడదు. సిరీస్ అయ్యేదాకా ఇంట్లో ఎవ్వరూ ఆయనతో కళ్ళ గురించి మాట్లాడకూడదు.

ఈ చివరి షరతు అమ్మకు నచ్చలేదు. కానీ ఆయనతో మాట్లాడకూడదన్నారే తప్ప దేవుడితో మాట్లాడకూడదని ఎవరూ అనలేదు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అమ్మ గొంతు వీధి చివరిదాకా వినపడింది. "ప్రభువా, గుడ్డివారికి చూపిచ్చిన తండ్రివి. మొండివాళ్ళకు బుద్ధి కూడా ఇయ్యి తండ్రీ. లారీలవాళ్ళకు మంచి బ్రేకులియ్యి" అంది. నాన్న కళ్ళు మూసుకునే, "ఇది ఫౌల్" అన్నాడు.

లెక్క కట్టడానికి నా దగ్గర కంప్యూటరేమీ లేదు. తల వంచి రాస్తూ కూర్చుంటే ఆట తప్పిపోతోంది. ఇంట్లో ఏడాదికి సరిపడా కారం పట్టించడానికి అమ్మ కొన్న మిరపకాయలు వరండాలో గోతం మీద ఎండుతున్నాయి. రెండు చేటలు తెచ్చి ముందు పెట్టుకున్నాను, జట్టుకొకటి. బంతి వచ్చి పాయింట్లు పడితే ఆ చేటలో ఒక ఎర్ర కాయ. మూడు పాయింట్లు పడితే తొడిమ తీసిన ఎర్ర కాయ. బంతి వచ్చి ఊరికే పోతే ఒక తాలు కాయ. తాలు అంటే రంగు రాక తెల్లగా పాలిపోయిన కాయ, కారమూ ఉండదు, ధరా ఉండదు. సగం ఆట అయ్యేసరికి ఏ చేట ఎంత ఎర్రగా ఉందో చూస్తే చాలు. ఇంత అందమైన పట్టిక నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఆ ఘాటుకు ముగ్గురం తుమ్ముతూనే ఆట చూసేవాళ్ళం.

మొదటి ఆటలో సగం కాగానే నాన్న టీవీ మీద వేలు పెట్టి, "తెల్ల చొక్కాల వాళ్ళు" అన్నాడు. నా చేటలు కూడా అదే అన్నాయి. వాళ్ళే గెలిచారు. రెండో ఆటలోనూ ఆయన తెల్లవాళ్ళే అన్నాడు. చేటలు ఎదుటి జట్టైన నీలం చొక్కాల వాళ్ళన్నాయి. తెల్లవాళ్ళు గెలిచారు. నాన్న స్నానానికి వెళుతూ ఈల వేశాడు.

తర్వాత ఆటలు రెండో జట్టు సొంత ఊళ్ళో. ఈసారి ఆ జట్టు తెల్ల చొక్కాల్లో, మొదటి జట్టు నీలంలో వచ్చాయి. నాన్న నిమిషం కూడా ఆలోచించకుండా, "ఇవాళ తెల్లవాళ్ళు" అన్నాడు. లెక్క కట్టిన నా చేటలూ వాళ్ళనే అన్నాయి, నేను తెల్లబోయాను. మొన్నటిదాకా ఒక జట్టును మోసిన మనిషి సరిగ్గా అవసరమైన రోజున పక్షం మార్చాడు! ఎలా కనిపెట్టాడు? "ఏం చూసి చెప్పావు నాన్నా?" అంటే, "వాళ్ళ నడక చూడు. గెలిచేవాడి నడక వేరే" అన్నాడు. నేను నిజంగానే వాళ్ళ నడక చూశాను. నాకు అందరూ ఒకేలా నడుస్తున్నట్టు కనిపించారు. వాళ్ళే గెలిచారు. స్టాటిస్టిక్స్‌లో పట్టా పుచ్చుకున్నదాన్ని, ఆ రాత్రి మంచం మీద పడుకుని మనుషుల నడక గురించి ఆలోచించాను.

మరుసటి ఆట రోజున నాకు ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. సగం ఆట అయ్యాక కాఫీ కలుపుకుందామని లేచాను. తిరిగొచ్చి చూస్తే అమ్మ వైపున్న నీలం వాళ్ళ చేట ఎర్రగా మెరిసిపోతోంది. తాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. ఇంత గొప్పగా ఆడుతుంటే నా కంటికెందుకు ఆనలేదా అని ఆశ్చర్యపడి, ఛాతీ విరుచుకుని "నీలం" అన్నాను. నీలం వాళ్ళు చిత్తుచిత్తుగా ఓడిపోయారు. ఇది జరగడానికి వీల్లేదని చేటను అటూ ఇటూ తిప్పి చూశాను. అప్పుడు కనిపించింది, అమ్మ మోకాలి పక్కన తాలు కాయల కుప్ప. ఇంకో పక్క తొడిమల కుప్ప.

"అమ్మా, ఇవెక్కడివి?"

"చేటలోవే. కలిసిపోయి ఉంటే ఏరాను."

"అవి కలిసే ఉండాలమ్మా! ఆ తాలంతా వాళ్ళు పోగొట్టుకున్న బంతులు! తొడిమలు కూడా తీశావా? ప్రతి బంతికీ మూడు పాయింట్లిచ్చావు వాళ్ళకి!"

"తాలుతో కలిపి పట్టిస్తే కారానికి రంగొస్తదా? చేట ముందు పెట్టి చేతులు ముడుచుక్కూర్చోమంటే ఎట్టా కూర్చుంటానే?" అంది అమ్మ. ఆమె తప్పేమీ లేదు. మా వైపు ఆడవాళ్ళ ముందు మిరపకాయల చేట పెట్టి, కబుర్లు చెప్పుకోమంటే, మాట పూర్తయ్యేలోగా తాలు వేరైపోతుంది. కళ్ళు టీవీ మీదే ఉంటాయి, వేళ్ళు వాటి పని అవి చేసుకుంటాయి. నా లెక్కల చరిత్రలో నీలం వాళ్ళంత గొప్ప జట్టు మళ్ళీ పుట్టలేదు. నాన్న ఆ రోజంతా కనపడినవాళ్ళకల్లా ఈ కథ చెప్పాడు. సాయంత్రం పాస్టరుగారు కూడా, "ఏమ్మా, తాలు ఏరేశారంటగా?" అని అడిగారు.

అప్పటినుంచి చేటల్ని అమ్మకు అందనంత దూరంలో పెట్టాను. ఆ తర్వాతి రెండు ఆటల్లోనూ తెల్లవాళ్ళు ఓడారు, నాన్న తప్పాడు. నా చేటలు తప్పలేదు. చివరి ఆట వచ్చేసరికి ఇద్దరం సమానమయ్యాం.

ఆ తెల్లవారుజామునే లేచి రెండు చేటల్నీ దులిపి ముందు పెట్టుకున్నాను. అంతవరకూ అది కొంత ఆటలాగే ఉండింది. ఓడితే ఇక జన్మలో ఆ మాట ఎత్తనని ఒప్పుకున్నది నేనే. రేపటినుంచి ఆయన స్కూటరు కిక్కు కొట్టిన ప్రతిసారీ నేను నోరు మూసుకుని గుమ్మంలో నిలబడాలి. నాన్నంటే నాకు ఎంత ఇష్టమో, ఆయన మొండితనమంటే ఎంత మంటో, ఆ పొద్దున రెండూ ఒక్కసారే తెలిసొచ్చాయి. అమ్మ ఇడ్లీ ప్లేటు నాన్న పక్కన పెట్టి, కొంగు బిగించి కూర్చుంది. ఇంతకాలంలో ఆమె ఆటను పూర్తిగా చూడాలని కూర్చున్నది ఆ రోజే.

ఆట మొదలైంది. ఆ రోజు ఏదో ప్రత్యేకమైన రోజట, సొంత ఊరి జట్టు పసుపుపచ్చ చొక్కాలు తొడుక్కొచ్చింది. రెండో జట్టు మామూలుగానే ముదురు నీలం. నేను చేటలు నింపుకుంటూ కూర్చున్నాను. నాన్న టీవీకి ఇంకా దగ్గరగా జరిగాడు. ఒకసారి కళ్ళు నులుముకున్నాడు, కండువాతో టీవీ అద్దం తుడిచాడు. మామూలుగా అరిచే మనిషి ఒక్క అరుపు అరవలేదు. పందెం ఒత్తిడి అనుకున్నాను.

సగం ఆట అయింది. నీలం చేట కొంచెం ఎర్రగా ఉంది. "నీలం" అన్నాను.

నాన్న "తెల్లవాళ్ళు" అన్నాడు.

నేను చేటల్లోంచి తలెత్తాను. ఈలోగా అమ్మ అందుకుంది.

"తెల్లవాళ్ళెవరండీ? ఒకళ్ళు పసుప్పచ్చ, ఒకళ్ళు నీలం. మీ ప్లేట్లో ఇడ్లీ తప్ప ఈ ఇంట్లో ఇయ్యాల తెల్లదేదీ లేదు."

నాన్న ప్లేటు వైపు చూశాడు. మళ్ళీ టీవీ వైపు చూశాడు. "పసుపా?" అన్నాడు చిన్నగా.

 టీవీలో ఎవరో సబ్బు అమ్ముతున్నారు. నాకు అప్పుడు అర్థమైంది. నడకా లేదు, పట్టుదలా లేదు. ఇన్ని రోజులుగా మా నాన్నకు ఆ పెట్టెలో కనిపించినవి తెల్ల చొక్కాలు మాత్రమే. నేను గెలుపోటముల లెక్క కట్టుకుంటూ ఆయన కళ్ళకు ఎంత కనపడుతోందన్న ఒక్క లెక్క చూడలేదు. 

"ఎన్నాళ్ళ నుంచండీ?" అంది అమ్మ.

"క్రిస్మస్ నుంచి." ఆయన మా వైపు తిరగలేదు. "నల్లగా కదిలేవి ఆటగాళ్ళో నా కంట్లో మచ్చలో తెలియటంలా. తెల్లగా మెరిసేవి మాత్రం మనుషులని తెలుస్తా ఉండేది."

"మరి నాతో చెప్పొచ్చుగదండీ?"

"చెబితే కోయిస్తావుగా." అప్పుడు అసలు మాట బయటపెట్టాడు. "భయమే, నాకు. కన్ను తెరిచే ఉంచి కోస్తారంట. కత్తి కంటి మీదికి రావటం కనపడదా ఏంటే?"

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. "మీకేం కనపడుద్దండీ, నా తలకాయ! పసుప్పచ్చ చొక్కాలేసుకున్న అంత పొడుగు మనుషులే కనపడలా, కత్తి కనపడుద్దా?" అంది.

నాన్న ఆ మాట గురించి నిజాయితీగా ఆలోచించాడు. ముఖంలో తెలిసిపోతూనే ఉంది. "అదీ నిజమేలే" అన్నాడు చివరికి.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మండు వేసవిలో అది రోజూ జరిగే పనే. మామూలుగా అయితే నాన్న కరెంటువాళ్ళ వంశం మొత్తాన్నీ తలుచుకునేవాడు. ఆ రోజు ముగ్గురం చీకటి టీవీ ముందు కూర్చుని చల్లారిన ఇడ్లీలు తిన్నాం. ఆట ఎవరు గెలిచారో మేం చూడలేదు. తర్వాత తెలిసింది, పసుపు చొక్కాల వాళ్ళేనట. నా చేట తప్పింది, ఆయన కన్నూ తప్పింది. పందెం ఎవరు గెలిచారని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆ సోమవారమే అమ్మ స్కూటరు తాళం చెవి బొడ్లో దోపుకుని, నాన్నను గుంటూరు బస్సెక్కించింది. ముందు ఒక కన్ను, కొన్నాళ్ళకు రెండోది. కత్తి కనపడలేదని, డాక్టరుగారి గడియారం చప్పుడు మాత్రం వినపడిందని ఊరందరికీ చెప్పాడు.

ఆయన మాట మొదట్లో వరసగా నిజమైన కారణం నాకు తర్వాత తట్టింది. తట్టాక నా నెత్తి నేనే కొట్టుకున్నాను. ఆ రోజుల్లో ఆ లీగులో సొంత ఊళ్ళో ఆడేవాళ్ళే మామూలుగా తెల్ల చొక్కాలు తొడుక్కునేవారు. సొంత ఊళ్ళో ఆడేవాళ్ళే ఎక్కువసార్లు గెలుస్తారు కూడా. జనం అరుపులు, అలవాటైన రింగు, ప్రయాణం బడలిక లేకపోవడం, ఎన్నో ఉంటాయి. తెలుపు చొక్కాకు గెలిచే గుణం లేదు, సొంత ఊరికి ఉంది. రెండూ కలిసి నడుస్తుంటే ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకుంటాం. ఏటేటా క్లాసులో నేను చెప్పే పాఠమే అది. అదే నా ఇంట్లో చాప మీద కూర్చుని ఈల వేస్తుంటే గుర్తుపట్టలేదు. నా రెండు చేటలకు తోడు ఎవరి ఊళ్ళో ఆడుతున్నారన్నది ఒక్కటి కలిపి ఉంటే చాలు.

మరుసటి సీజన్‌కు నాన్న కొత్త కళ్ళతో, చాపకు ఈ చివర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వచ్చే బంతీ పోయే బంతీ అన్నీ కనిపిస్తున్నాయి. మొదటి రోజునే, "వీళ్ళింత పొడుగా!" అని ఆశ్చర్యపోయాడు. తర్వాత నా వైపు చూసి, "నీకు తల నెరిసిందేమే? ఎప్పుడు నెరిసింది?" అన్నాడు. నేను చేటలు సర్దుకున్నాను. చర్చి కాంపౌండులో స్తంభానికి మళ్ళీ ఫౌల్ పడలేదు. అసలైన దొంగలు వరసగా దొరుకుతుంటే పిల్లలు లబోదిబోమన్నారు.

జోస్యం మాత్రం పూర్తిగా పోయింది. ఆయన ఎవరి పేరు చెబితే వాళ్ళు ఓడిపోవడం మొదలైంది. వారం రోజులు చూశాడు, డాక్టరు చెయ్యి మంచిది కాదన్నాడు, అమ్మ మీద విసుక్కున్నాడు. చివరికి నేను జాలిపడి చొక్కాల రహస్యం విప్పి చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. టీవీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

"సొంతూరని నాకేం తెలుసు అమ్మాయ్. ఒకవైపు వాళ్ళన్నా కనపడతన్నారు గదా అని వాళ్ళ పక్షానుండేవాణ్ణి" అన్నాడు. చేటలోంచి ఒక తాలు కాయ తీసి వెలుతురుకు పట్టి చూశాడు. దాన్ని జాగ్రత్తగా మళ్ళీ చేటలోనే పెట్టాడు.

"ఇప్పుడు రెండువైపులా కనపడతన్నారు. ఎవరు ఓడినా బాధగానే ఉంది."